గ్లాసు కొలవడానికి రేపల్లె

రేపల్లెకు జనం పెళ్ళికో, చుట్టాలింటికో వెళతారు. నేను ఒక గ్లాసు కొలవడానికి వెళ్ళాను.

బాపట్లలో మా వీధి చివర పోలమ్మ ఉంటుంది. భర్త మరబోటు మీద పనిచేస్తాడు. వేట నిషేధంలో బోటు ఒడ్డెక్కితే ఇంటికి రాబడి ఉండదు. అందుకని ఈ ఏడు ఫోన్లో వీడియో చూసి రొయ్యల పచ్చడి అమ్మడం మొదలుపెట్టింది. సముద్రం మూసినా రొయ్యల చెరువులు తెరిచే ఉంటాయి కదా. ఆ వీడియో రేపల్లె జుబేదా గారిది. రెండు కిలోల రొయ్యలకు గ్లాసు ఉప్పు అన్నారు. పోలమ్మ వేసింది. వారానికే బూజు పట్టింది. రెండోసారి గ్లాసున్నర వేసింది. పచ్చడి నోట పెట్టలేనంత ఉప్పగా తయారైంది, బూజు మాత్రం మానలేదు.

వీడియో కింద జనం రాసినవన్నీ చదివాను. "సూపర్ అక్కా" అన్నవాళ్ళనీ, పువ్వులు పెట్టినవాళ్ళనీ తీసేస్తే నలుగురు మిగిలారు. ఒకరు ఉప్పు తక్కువైందన్నారు. ఇంకొకరు ఎక్కువైందన్నారు. మూడో ఆయన నరదిష్టి అన్నాడు. నాలుగో ఆయన ఇళ్ళ స్థలం అమ్మకానికి పెట్టాడు. నేను మర్యాదగా "ఏ గ్లాసండి?" అని అడిగాను. జవాబుగా రెండు చేతులు జోడించిన బొమ్మ వచ్చింది. దండంతో ఉప్పు కొలవడం నాకు రాదు.

ఈలోగా పేరాలలో ఒక చీరల కొట్టువాళ్ళు పదిహేను సీసాలు కావాలని చెప్పారు. మూడో వాయి కూడా పాడైతే పొదుపు సంఘం ఇక రొయ్యలకు డబ్బివ్వదు. సంఘం లెక్కలు చూసేది నేనే కాబట్టి ఆ మాట పోలమ్మకు చెప్పాల్సిందీ నేనే.

"బాబాయ్, ఆ గ్లాసేంటో నువ్వే చూసి రారాదా. నువ్వు ఫోన్ చేశాకే ఉప్పేస్తా" అంది.

గురువారం ఉదయం ఆరుంబావుకు బాపట్లలో ప్యాసింజరు ఎక్కాను. టిక్కెట్టు నేరుగా రేపల్లెకే తీసుకోండి. తెనాలిలో మళ్ళీ క్యూ కడితే టిఫిన్ తినే టైమంతా క్యూలోనే పోతుంది. నా సంచిలో గీతలున్న కొలజాడీ, చిన్న కాటా ఉన్నాయి.

నిడుబ్రోలు దాటాక పక్కాయన తన ఫోను నా మొహం మీద పెట్టాడు.

"ఇల్లు కదలకుండా సంపాదించడం ఎలాగో వీడియోల్లో నేర్పుతానండి. మీరూ చేరండి."

"ఇప్పుడెక్కడికండి ప్రయాణం?"

"తెనాలిలో బట్టల కొట్లో పనండి. రోజూ ఇదే బండి."

తెనాలిలో గంట ఖాళీ దొరికింది. స్టేషన్ బయట ఇడ్లీ తిన్నాను. చట్నీ బాగుంది. ఎదురుగా కూర్చున్నాయన ఇడ్లీ వల్ల వచ్చే రోగాలను ఫోన్లో చూసి నాకు చదివి వినిపిస్తూ రెండో ప్లేటు చెప్పాడు.

రేపల్లె బండిలో కిటికీ పక్కన చోటు దొరుకుతుంది, తొందరపడక్కర్లేదు. వేమూరు, భట్టిప్రోలు మీదుగా పది కాకముందే దింపింది. ఆటో అతన్ని అడిగితే, "వీడియోల పిన్నిగారా? ఎక్కండి సార్" అని సందు తిప్పి దింపి ఇరవై తీసుకున్నాడు. స్టేషన్ గేటు అక్కడినుంచి కనిపిస్తూనే ఉంది.

జుబేదా గారికి యాభై ఏళ్ళుంటాయి. ఇంటి ముందుగదిలో భర్త కుట్టుమిషను మీద గుడ్డ కప్పి ఉంది. జనం రెడీమేడ్ బట్టలకు మళ్ళాక ఆ గుడ్డ తీసే రోజులు తగ్గాయట. ఆమె కూడా ఎవరిదో వీడియో చూసే పచ్చళ్ళు మొదలుపెట్టారు.

"మరి మీరు అమ్ముకునేది అందరికీ నేర్పేస్తే ఎలాగమ్మా?"

"నేను ఊళ్ళన్నిటికీ అమ్మగలనా అన్నయ్యా? నాకు చెప్పినావిడ దాచుకుందా ఏంటి?"

నేను వచ్చిన పని చెప్పి కొలజాడీ తీశాను. ఆమె ఫక్కున నవ్వారు.

"ఆ గ్లాసా! అది వీడియోలో బాగుంటుందని మా కోడలు పక్కింట్లో అడిగి తెచ్చింది. ఆరోజే ఇచ్చేశాం."

"మరి ఉప్పు?"

ఆమె గుప్పిట చూపించారు. కాటా మీద మూడుసార్లు గుప్పిట వేయించాను. మూడుసార్లూ మూడు తూకాలు వచ్చాయి. సరాసరి తీసి రాసుకుంటుంటే కోడలు లోపలికెళ్ళి నవ్వుకుంది.

అంతలో పోలమ్మ వీడియో కాల్ చేసింది. "బాబాయ్, గ్లాసు దొరికిందా? రొయ్యలు ఎర్రబడ్డాయి, దించేస్తున్నా."

ఫోను జుబేదా గారికిచ్చాను. సిగ్నల్ చాలక బొమ్మ ఆగిపోయి, బాణలి చప్పుడు మాత్రం మిగిలింది.

"దించకమ్మాయ్!" జుబేదా గారు కేకేశారు. "ఇంకా అరుస్తోంది, వినపడట్లా? రొయ్యలో నీళ్ళున్నాయి. ఇప్పుడు దించితే బూజు పట్టదూ?"

"వీడియోలో చప్పుడే లేదు కదా పిన్నీ!"

"ఎందుకు లేదు?"

తలుపు దగ్గర నవ్వు ఆగిపోయింది. "నేనే అత్తయ్యా, పాట పెట్టాను. పాట లేకపోతే ఎవరు చూస్తారు?"

"చూశారుగా. చూసి బూజు పట్టించుకున్నారు. మంట తగ్గించు పోలమ్మా."

రేపల్లె ముందుగదిలో ముగ్గురం బాపట్ల బాణలిని వింటూ నిలబడ్డాం. చిటపట పలచబడింది. ఎక్కడో ఒకటీ అరా మిగిలింది. తర్వాత అదీ ఆగింది.

"ఇప్పుడు దించు."

"ఉప్పు ఎంతేయను పిన్నీ?"

నేను సరాసరి కాగితం ముందుకు చాచాను. జుబేదా గారు దాన్ని చూడనైనా చూడలేదు. "కొంచెం వేసి నాలిక మీద పెట్టుకో. చాలకపోతే ఇంకాస్త" అన్నారు.

మధ్యాహ్నం అన్నం పెట్టారు. నేను తింటుండగానే కోడలు పాట తీసేసి వీడియో మళ్ళీ పెట్టింది. వెంటనే ఎవరో "పాట ఏది అక్కా?" అని అడిగారు. ఈసారి కోడలు దండం పెట్టలేదు. "పాట వద్దండి, బాణలి వినండి" అని రాసింది.

తిరుగు ప్రయాణానికి చెరుకుపల్లి మీదుగా వెళ్ళే బస్సెక్కాను. రైలు కంటే ఖర్చెక్కువే గానీ తెనాలి చుట్టు తప్పుతుంది. సీసాల సంగతి ఇక్కడే చెప్పేస్తాను. అవి పేరాలకు వెళ్ళి మూడు వారాలైంది, ఇంతవరకు ఒక్కటీ వెనక్కి రాలేదు. మళ్ళీ కావాలన్నారు కూడా. నా కొలజాడీకి మాత్రం ఆ ప్రయాణంలో తడి తగల్లేదు.

చెరుకుపల్లి దాటాక ముందు సీట్లో ఒకావిడ ఫోన్లోంచి బస్సంతా చిటపటలు మొదలయ్యాయి. కండక్టర్ విసుక్కున్నాడు.

"ఏంటమ్మా ఆ గోల? ఆపండి."

"ఉండండి బాబూ," అందావిడ ఫోను చెవికి దగ్గరగా పెట్టుకుని. "అదే ఆగాలంట. ఆగిందాకా దించకూడదంట."