పండుగకు ముందు ఒలిచిన చిక్కుడుకాయ

ములకలపల్లి దాటాక అడవంచున ఉన్న ఆ బడిలో సైన్స్ చెప్పిన మూడేళ్లూ నా బోర్డు మధ్యలో నిలువుగీత ఉండేది. గీతకు ఎడమన కోయ మాట, తెలుగు లిపిలో. కుడిన ఇంగ్లిష్ మాట. కోయ మాటలన్నీ మధ్యాహ్న భోజనం వండే అవ్వ ఇచ్చినవే. ఆకు ఈనె దగ్గర్నుంచి కోడి కందనకాయ దాకా ఏది చూపించినా చెప్పేది. వాటిని నేను పలికితే పిల్లలు పడీపడీ నవ్వేవాళ్లు. నవ్వితే నవ్వారు గానీ, పక్కనున్న ఇంగ్లిష్ మాట కూడా వాళ్ల నోటికి ఎక్కేది. ఇప్పుడు ఖమ్మంలో రంగుల చార్టులు పెట్టి చెబుతున్నాను, ఎవరూ నవ్వరు. నాకేమో ఆ నవ్వులే కావాలి.

నాకు ముక్కు మీద కోపం. ఓ చలికాలం, గింజ లోపలి భాగాలు చూపిద్దామని ఖమ్మం రైతుబజారులో కొత్త చిక్కుడుకాయలు కొని సంచీ నిండా తెచ్చాను. పిల్లల ముందు తలా ఒకటి పెట్టి ఒలవమన్నాను. ఎవరూ ముట్టలేదు.

"ఏంది, చేతులు పడిపోయినయా?" అని కసిరాను.

నా వెంటే తిరిగే ఏడో తరగతి పిల్ల ఒకతి తలవంచుకుని కాయ ఒలిచింది, గింజను రెండు బద్దలు చేసి చూపించింది. నేను సంబరంగా బోర్డు వైపు తిరిగాను.

మర్నాడు ఆ పిల్ల రాలేదు. వారమైనా రాలేదు. వంటగదిలోకి వెళ్లి అడిగితే అవ్వ పొయ్యిలో కట్టెలు ఎగదోస్తూ చెప్పింది.

"మాకింకా చిక్కుడు పండుగ గాలే టీచరమ్మా. దేవతకు పెట్టకముందు కొత్త కాయ ముట్టం. ఇంట్ల తెల్సి బడి బంద్ చేసిన్రు."

"గా ముచ్చట నాకు ముందే చెప్పొద్దా అవ్వా?"

"తెచ్చేముందు నన్నడిగితివా?"

తల కొట్టేసినట్టయింది. అవ్వ దగ్గర అన్ని మాటలు అడిగి రాసుకున్నదాన్ని, ఈ ఒక్కటి అడగలేదు. ఆ సాయంత్రమే ఆమెను వెంటబెట్టుకుని ఆ పిల్ల ఇంటికి వెళ్లాను. పిల్ల తండ్రి మంచం వాల్చాడు.

"తప్పు నాది, పిల్లది కాదు," అన్నాను.

"పండుగ కానియ్యి. దేవతకు మొక్కినంక చూస్తం," అన్నాడు. పంపుతాడో లేదోనని పండుగ దాకా రోజులు లెక్కపెట్టాను.

పండుగ మర్నాడు పొద్దున్నే గేటు దగ్గర నిలబడ్డాను. వచ్చింది. పక్కకు తీసుకెళ్లి అడిగాను.

"ముట్టొద్దని నీకు తెల్వదా?"

"తెల్సు టీచర్."

"మరెందుకు ఒలిచినవ్?"

"ఎవ్వరు ఒల్వకపోతే మీరు చిన్నబోతరని."