చెవి వాపుకు బంగారు గొలుసు

మా కుక్కకు పేరు లేదు. మా అత్త "ఒరే" అంటే వస్తాడు. ఆమె అలా కేకేసినప్పుడు మా ఆయన కూడా తలెత్తుతాడు. ఎవరిని పిలిచిందో తేలేదాకా ఇద్దరూ ఆమె మొహం కేసే చూస్తుంటారు. అత్త అంటే నాకు సొంత మేనత్తే, మా నాన్న చెల్లెలు. అందుకే మా ఇద్దరి పోట్లాటల్లో మొహమాటం ఉండదు.

ఆ ఉదయం నేను ఎవరిదో జాకెట్టుకు హుక్కులు కుడుతున్నాను. అత్త వాకిట్లోంచి అరిచింది.

"ఏటే గుంటా, ఇలగ రా. ఈడి సెవి సూడు, పూరీ లాగ పొంగిపోనాది!"

నిజంగానే పొంగింది. ఎడమ చెవి డొప్ప నీళ్ళు నింపిన పాలిథిన్ కవరులా మెత్తగా, బరువుగా వేలాడుతోంది. వాడు తల ఒక పక్కకు వాల్చి, తప్పు తనదే అన్నట్టు చూస్తున్నాడు. ముట్టుకోబోతే గుర్రుమన్నాడు. కొన్నాళ్ళుగా తల టపటపా విదిలిస్తుంటే ఈగలు ముసురుతున్నాయనుకున్నాం.

"గవదలు," అని తేల్చేసింది అత్త. "నా గొలుసు తీసి ఏసీస్తాను. తగ్గిపోద్ది."

మా వైపు పిల్లలకు గవదబిళ్ళలు వచ్చి దవడలు వాస్తే మెడలో బంగారు గొలుసు వేస్తారు. చిన్నప్పుడు నాకూ వేశారు, ఈ గొలుసే. వాపు తీసేదాకా అత్త నా వెనకాలే తిరిగింది, నా మీద ప్రేమో గొలుసు మీద ప్రేమో.

"గవదలు దవడ కింద వస్తాయత్తా. ఇది చెవి."

"మనిషికి దవడ, కుక్కకి సెవి. నీకు తెల్దు, ఊరుకో."

ఊరుకోలేదు. పదో తరగతితో బడి మానేశాను గాని, మా ఊరి గ్రంథాలయంలో నేను వెతకని బీరువా లేదు. అక్కడ అట్ట ఊడిపోయిన పశుపోషణ పుస్తకం ఒకటి ఉంది. మాకు గేదె లేకపోయినా గేదెల గురించి అంతా చదివాను. కుక్కల సంగతి చివర్న కొద్ది పేజీలే. కుట్టు పక్కన పడేసి వెళ్ళి, ఆ పుస్తకం తెచ్చి, అత్త ముందు కూర్చుని గట్టిగా చదివాను. చెవి డొప్పలో చర్మం రెండు పొరలుగా ఉంటుందట, మధ్యలో పల్చటి మెత్తటి ఎముక. దురదకు కుక్క అదే పనిగా తల విదిలిస్తే లోపలి సన్నటి నాళాలు చిట్లి, పొరల మధ్య రక్తం చేరుతుందట.

"జాకెట్టుకి లైనింగు ఉంటుంది కదత్తా. పైగుడ్డకీ లైనింగుకీ మధ్య నీళ్ళు చేరితే ఎలా ఉంటుంది? అదీ ఇది."

అత్త ఆ చెవి వంక కాసేపు చూసింది. "అలగైతే సూది పెట్టి తీసీవొచ్చు కదే."

"మనం కాదు, డాక్టరు తియ్యాలి."

మా ఆయన ఆటోలో పశువుల ఆస్పత్రికి తీసుకెళ్ళాం. డాక్టరమ్మ ముందు చెవి లోపల లైటు వేసి చూసి, లోపల పుండు ఉంది, దురద దాని వల్లే అంది. నేను అత్త వంక చూశాను. అత్త గోడ వంక చూసింది. డాక్టరమ్మ సిరంజీతో రక్తం లాగేసరికి చెవి ఖాళీ సంచిలా జారిపోయింది. చెవిని తలకు ఆనించి కట్టు కట్టి, చుక్కల మందు రాసిచ్చింది.

"మళ్ళీ నిండిందంటే కోసి కుట్లు వెయ్యాలి. ముసలాడు, గుండె నీరసంగా ఉంది. మత్తిస్తే మళ్ళీ లేస్తాడని నేను గట్టిగా చెప్పలేను. సోమవారం దాకా తల విదిలించకుండా చూసుకోండి."

తిరుగుదారిలో అత్త వాడి గడ్డం కింద చెయ్యి పెట్టుకుని కూర్చుంది.

ఇంటికి రాగానే వాడు కట్టు పీకేశాడు. జాకెట్టు ముక్కలతో ఒక టోపీ కుట్టి నాడాలు కట్టాను. దాన్ని కాలితో లాగి, నమిలి, అటుపైన ఓపికగా తల విదిలించాడు. చెవి అంచున మళ్ళీ సన్నగా ఉబ్బు కనిపించింది. పుస్తకం తెరిచాను. విదిలించనివ్వకూడదని ఉంది, ఎలాగో లేదు.

అత్త తన మెడలో గొలుసు తీసి వాడి మెడలో వేసింది. నేను పుస్తకం మూసేశాను.

గొలుసు వేసింది గాని, ఆ క్షణం నుంచి ఆమెకు కుదురు లేదు. వాడు పోయి ఏ చెరకు తోటలోనో దూరితే? పాత చీర పీలిక వాడి మెడపట్టీకి ముడేసి, రెండో కొస తన నడుముకు కట్టుకుని, వసారాలో చాప మీద కూర్చుంది. వాడి తల ఆమె ఒళ్ళో. తల కదపబోతే చాలు, రెండు చేతులతో గట్టిగా పట్టుకునేది.

"తెగిపోద్దిరా, తెగిపోద్ది! నీ బాబు సేయించేడనుకున్నావేటి?"

నా మీద గుర్రుమన్నవాడు ఆమె చేతుల్లో ఉంటే బుద్ధిగా చుక్కలు వేయించుకున్నాడు. ఆమెకు అన్నం చాప దగ్గరికే తెచ్చిచ్చాను. పక్కింటావిడ గోడ మీంచి తొంగి చూసింది.

"ఏటొదినా, కుక్కకి బంగారవా! సమ్మందం ఏటైనా కుదిరిందేటి?"

"కుదిరింది. మీ ఇంటికే అల్లుడిగా పంపుదావనుకుంటన్నాం."

"ఒద్దమ్మా, మా ఇంట్లో ఉన్నోడు సాలడా? ఆడూ ఇలగే తిని తొంగుంటాడు."

ఆ మధ్యాహ్నం అత్త నన్ను పిలిచింది. "ఆ పొస్తకం ఇంకోపాలి సదువు. రెండు పొరలన్నావు కదా, అవి అతుక్కుంటాయా?"

"విదిలించకపోతే అతుక్కుంటాయని ఉంది."

"ఎన్నాళ్ళకి?"

"అది రాయలేదత్తా."

"రాసినోడు కుక్కని పెంచుంటే రాసేవోడు," అంది. అని ఆ చెవిని రెండు అరచేతుల మధ్య పెట్టుకుని, ఇస్త్రీ చేసిన గుడ్డ నలగకుండా పట్టుకున్నట్టు పట్టుకుంది.

సోమవారం డాక్టరమ్మ మొదట గొలుసు చూసింది. నవ్వు ఆపుకుని చెవి తడిమింది. ఆమె వేళ్ళు ఆగిన చోటల్లా మా ఊపిరి ఆగింది.

"నిండలేదు. కోత అక్కర్లేదు."

"గవదలు తగ్గిపోనాయి," అంది అత్త. డాక్టరమ్మ నా వంక చూసింది.

"వాపు తగ్గిన మాట నిజమే కదండీ," అన్నాను.

అత్తకు అంతటితో తృప్తి కలగలేదు. గొలుసు తీసి మెడలో వేసుకుంటూ, "పొరలు రెండూ బాగా అతుక్కున్నాయా అమ్మా? మద్దిలో మెత్తటి ఎముకుంటాది కదా, అదీ బాగుందా?" అని అడిగింది.

అన్నీ బాగున్నాయి. చెవి అంచు మాత్రం కాల్చిన అప్పడంలా కాస్త ముడుచుకుపోయింది. వాడు దాన్ని పట్టించుకోడు. వాడికి అలవాటైంది వేరే. మధ్యాహ్నం అత్త చాప పరిస్తే చాలు, ఎక్కడున్నా వచ్చి ఆమె ఒళ్ళో తల పెట్టేస్తాడు.

"లెగరా, నీకు తగ్గిపోనాది కదా. నా కాళ్ళు తిమ్మిరెక్కిపోతన్నాయి," అంటుంది అత్త.

కాళ్ళు మాత్రం కదపదు.