మధ్యలో లేని స్పీకరు

బ్యాటరీ వదిన చెవిటి మనిషికి చెవులు తెప్పించింది. మందు లేదు, మంత్రం లేదు. చేతిలో ఉన్నదల్లా ఒక స్క్రూడ్రైవరు, టార్చిలైటులో వేసే బ్యాటరీ ఒకటి. నమ్మనివాళ్ళుంటే నష్టం వాళ్ళదే.

నాలుగు వీధుల్లో స్పీకర్లున్న ప్రతి ఇంటికీ ఆవిడ వదినే. ఆడపడుచుకే కాదు, ఆ ఆడపడుచు అత్తగారికి కూడా వదినే. ఆవిడ గుమ్మంలోకి రాగానే పాడైపోయిన ఆంప్లిఫయర్లు భయపడి వాటంతటవే బాగైపోతాయని చెప్పుకుంటారు. ఇది కాస్త ఎక్కువే. దోమ పాట విని అది ఎవరి చెవి మీద వాలబోతోందో చెప్పగలదని కూడా అంటారు. ఇందులో మాత్రం అనుమానపడాల్సింది ఏమీ లేదు.

పదో తరగతి గట్టెక్కలేదు. పెళ్ళయ్యాక మావగారి రేడియో రిపేరు కొట్లో కూర్చుని, సోల్డరింగ్ పొగ కళ్ళలో పడుతుంటే కళ్ళు నులుముకుంటూనే పని నేర్చుకుంది. మావగారి పద్ధతే ఆవిడ పద్ధతి. ఏ ఇంటికి వెళ్ళినా ముందు స్విచ్చి వెయ్యదు. స్పీకరు వైర్లు ఊడదీసి బ్యాటరీకి ఇలా తాకించి అలా తీస్తుంది. స్పీకరు లోపలి అట్ట ముందుకు గెంతితే వైర్లు సరిగ్గా ఉన్నట్టు, వెనక్కి నక్కితే తిరగబడ్డట్టు. ఆ పేరు అందుకే వచ్చింది.

ఇక చెవుల సంగతి. ఆ చెవులు ఒక పెద్దాయనవి. ముప్ఫై ఏళ్ళు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా చేసి రిటైరయ్యాడు. "హలో" అనక ముందు తీసుకునే ఊపిరిని బట్టే అవతల ఎవరో పోల్చేవాడని వాడుక. అలాంటి మనిషి గదిలోకి కొడుకు, సినిమా సౌండును స్పీకర్లకు పంచిపెట్టే కొత్త హోమ్ థియేటర్ రిసీవరు తెచ్చి, తండ్రి ప్రాణంగా చూసుకునే రెండు పాత చెక్క స్పీకర్లకు తగిలించి, ఆఫీసుకు పోయాడు.

ఆ రోజు నుంచి పెద్దాయనకు సినిమాల్లో వాన వినపడింది, గుర్రాలు వినపడ్డాయి, మనుషులే వినపడలేదు. పెదవులు ఆడేవి, మాట వచ్చేది కాదు. సౌండు పెంచాడు. గోడ మీద గడియారం వణికింది గానీ మాట రాలేదు. ఇంట్లోవాళ్ళు చెవులు మూసుకుని ఆయన గది తలుపు దగ్గరగా వేసేశారు. కాసేపటికి రిసీవరు వేడెక్కి ఆగిపోయేది.

చెవులు పోయాయని ఆయనకు ఖాయమైపోయింది. అప్పటి నుంచి ఫోను మోగితే తీయడం మానేశాడు. వారం వారం అక్కయ్య ఫోను చేస్తే "పడుకున్నానని చెప్పమ్మా" అని కోడలితో అనేవాడు. సొంత అక్క గొంతు పోల్చుకోలేకపోతే? ఆ మాట ఎవరికీ చెప్పలేదు. ఎల్లుండి చెవి డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. ఈలోపు ఆగిపోయే రిసీవరును చూడమని కోడలు వదినను పిలిచింది.

"మావయ్యగారూ! రిపేరావిడ వచ్చిందీ!" కోడలి కేకకు పక్కింటివాళ్ళు కూడా వచ్చేవాళ్ళే.

వదిన స్పీకర్ల వెనక చీటీ చదివింది, ఎనిమిది ఓమ్‌లు. రిసీవరు వెనక చదివింది, ఎనిమిది ఓమ్‌ల స్పీకర్లకు సరే. సంబంధం కుదిరింది. వైర్లూడదీసింది. బ్యాటరీ తాకిస్తే రెండు అట్టలూ బుద్ధిగా ముందుకే గెంతాయి. వైర్లు మళ్ళీ బిగిస్తూ, పళ్ళ మధ్య ఇన్సులేషన్ టేపు కరిచిపట్టుకుని ఏదో గొణిగింది.

"కత్తెరా? అదిగో, నీ మోకాలి కిందే ఉందమ్మా" అన్నాడు పెద్దాయన.

వదిన ఆగి, టేపు చేతిలోకి తీసుకుంది. "నా గొణుగుడు మా ఆయనకే అర్థం కాదు బాబాయిగారూ, మీకెట్లా వినపడింది?"

"ఏదో అదృష్టం. సినిమాలో మాట మాత్రం ఒక్కటీ వినపడదు."

"ఏదీ, పెట్టండి."

తెర మీద వాన హోరుమంది, తలుపు దభేలుమంది. గొడుగు కింద ఇద్దరు నిలబడి పెదవులు కదిలించారు.

పెద్దాయన తల దించుకుని అడిగాడు. "ఏమంటున్నాడమ్మా అతను?"

"నాకూ వినపడ్లేదు బాబాయిగారూ."

"నా తృప్తి కోసం అనకు."

"మీ తృప్తి కోసం చెవిటిదాన్నవుతానా? నాకిది కూడు పెట్టే చెవి!" కోడలిని పిలిచి నిలబెట్టింది. "అమ్మాయ్, నీకేమైనా వినపడిందా?"

కోడలు తెర వంక చూసి, మావగారి వంక చూసి, మొదటిసారి మామూలు గొంతుతో అంది. "లేదండీ."

వదిన రిమోట్ తీసుకుని సెట్టింగుల్లోకి వెళ్ళింది. ఎడమ స్పీకరు, ఉంది. కుడి స్పీకరు, ఉంది. మధ్య స్పీకరు, ఉంది.

"మధ్య స్పీకరెక్కడండీ?"

"లేదమ్మా. ఎప్పుడూ లేదు."

"ఆ సంగతి దీనికెవరూ చెప్పలేదు. మాటలన్నీ ఆ మధ్యదానికే పంపిస్తోంది."

పెద్దాయన కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు. "అంటే, లైను లేని నంబరుకి కాల్ కలుపుతోంది!"

"అదే."

వదిన మీట నొక్కింది. గొడుగు కింది మనిషి ఎడమ నుంచీ కుడి నుంచీ ఒకేసారి, "ఇంకెంతసేపు నిలబెడతావు?" అన్నాడు. పెద్దాయన నవ్వాడో ఏడ్చాడో కోడలు ఇప్పటికీ తేల్చి చెప్పలేదు. డాక్టరు దగ్గరికి మాత్రం వెళ్ళలేదు. ఆ సాయంత్రమే ఫోను మోగితే కోడలి కంటే ముందు లేచి తీశాడు. అవతలివాళ్ళు ఇంకా నోరు తెరవలేదు.

"చెప్పు అక్కా" అన్నాడు.

వారం తిరిగేసరికి కథ నాలుగు వీధులూ దాటింది. మొదట ఒక చెవి వచ్చిందన్నారు, తర్వాత రెండూ అన్నారు. కొట్టుకు వచ్చిన ఒకాయన, మా తాతకు కూడా బ్యాటరీ తాకించి చెవులు తెప్పిస్తారా అని అడిగాడు. వదిన సోల్డరింగ్ మీంచి తలెత్తలేదు.

"చెవులూ లేవు, తెప్పించడమూ లేదు. మధ్య స్పీకరు 'ఉంది' అని ఉంటే 'లేదు' అని పెట్టాను. పక్కకి జరగండి, వెలుతురుకి అడ్డం."