ఉప్పు మానని ఎలుకలు

మా మరిది నెహెమ్యా ఆత్మకూరు అడివి నుంచి ఏగిస చెట్టు బెరడు తెచ్చి, నలభై ఏండ్లు కామెర్లకు కషాయం కాచి ఇచ్చినాడు. తాగినోళ్లు నెలదినాలు ఉప్పు, నూనె ముట్టకూడదు. "నయం చేసేది పత్యమప్పా, నీ చెక్క కాదు" అని నేనే ఎగతాళి చేస్తాంటిని. ఆ అనుమానం ఆయప్పను లోపల్లోపలే తినేసింది.

పోయినేడు కాలేజీ పిల్ల హర్షిణి ఆ బెరడు పరీక్షకు తీసుకపోయింది. మొన్న వచ్చి, "తాతా, దీంట్లో లివర్‌ను కాపాడే గుణం ఉండాది. ఎలుకలకు పోసి చూసినాము" అనింది.

ఆయప్ప నవ్వలేదు. "ఆ ఎలుకలకు ఉప్పు మానిపించినారామ్మా?" అని అడిగినాడు.

"లేదు తాతా, రోజూ తినేదే తిన్నాయి."

"వింటివా వదినా?" అన్నాడు, నా తట్టు తిరిగి.

"వింటిలేప్పా. ముందు కండ్లు తుడుచుకో, పిల్ల చూస్తాండాది" అంటిని.