వియ్యపురాలు ముద్ద ముట్టలేదు

ఆ రోజుల్లో నాకు సిగ్గు ఎక్కువ, తెలివి తక్కువ. (రెండో సంగతి అప్పటికి నాకు తెలియదు.) స్టేషన్ ఘన్‌పూర్‌లో ఒక ప్రైవేటు బడిలో టీచరుగా చేరి మూడు నెలలైంది. ఆ మూడు నెలల్లోనే ఊరందరి మాట తీరూ సరిదిద్దే బాధ్యత నా మీదే ఉందని తేల్చుకున్నాను. సరిగ్గా అప్పుడే మా అక్క పెళ్ళి కుదిరింది. పెళ్ళికొడుకుది డోర్నకల్, వాళ్ళ నాయన రైల్వేలో పని. ఇంట్లో అందరూ బట్టలూ వంటలూ అని పరేషాన్ అవుతుంటే, నా భయమల్లా డోలక్ అవ్వ గురించే.

డోలక్ అవ్వది తరిగొప్పుల. డెబ్బై దాటిన మనిషి. మా చుట్టాల్లో ఎవరి పెళ్ళయినా బువ్వంబంతికి, అంటే తాళి కట్టాక రెండు వైపుల వాళ్ళూ ఎదురెదురుగా కూర్చుని తినే భోజనానికి, ఆవిడ రావాల్సిందే. చుట్ట పక్కన పెట్టి, డోలక్ ఒళ్ళోకి తీసుకుని, మగపెళ్ళివారిని పేరుపేరునా పాటలో పెట్టి ఉతికి ఆరేసేది. గొంతు బొంగురు. అసలు మాట వచ్చే చోట ఆగి, కనుబొమ్మ ఎగరేసి, డోలక్ మీద ఒక్క దెబ్బ వేసేది. మిగతాది ముసలమ్మలు పూర్తిచేసి పడీపడీ నవ్వేవాళ్ళు. ఇప్పుడు మురిసిపోతూ రాస్తున్నాను గానీ, అప్పట్లో ఆవిడ డోలక్ ముట్టగానే నేను వంటల వైపు పారిపోయేదాన్ని. ఒక్క పాటా చివరిదాకా విన్న పాపాన పోలేదు.

పెళ్ళినాడు పొద్దున్నే అవ్వను పక్కకు పిలిచి, "అవ్వా, వాళ్ళు చదువుకున్నోళ్ళు. గా మోటు పాటలు వద్దు. జర దేవుని పాటలు పాడు" అన్నాను.

"ఏంది బిడ్డా, గిది పెండ్లా, పదో దినమా?"

"అక్క అత్తగారికి కోపమొస్తే ఎట్ల అవ్వా?"

అవ్వ నన్ను ఎగాదిగా చూసింది. "సరే తియ్, పంతులమ్మవు. నువ్వు చెప్పినట్టే పాడుత. తర్వాత నన్ననకు."

బంతి కూర్చుంది. అవ్వ బుద్ధిగా దేవుని పాటలు అందుకుంది. వడ్డన అయిపోయింది. వియ్యపురాలు మాత్రం చేతులు ఒళ్ళో పెట్టుకుని కదలకుండా కూర్చుంది. ఆవిడ ముట్టనిదే వాళ్ళ వైపు ఎవరూ ముట్టరు. భక్తిలో మునిగిపోయిందనుకున్నాను. (గర్వపడ్డాను కూడా.) మూడో పాట అయ్యేసరికి పప్పుచారు చల్లారింది, ఆవిడ లేచి నిలబడింది.

"పోదాం పాండ్రి. మమ్మల్ని వీళ్ళు వియ్యపోళ్ళ లెక్క చూస్తలేరు."

మా బాపు ఉరికొచ్చాడు. "అక్కా, ఏం తక్కువైంది?"

"ఒక్క తిట్టన్న తిట్టిండ్రా? పరాయోళ్ళకు వినిపిచ్చినట్టు భజనలు వినిపిస్తరా? నా పెద్దకొడుకు పెండ్లిల గంటసేపు తిట్టిచ్చుకున్న! మా పేరెత్తని ఇంట్ల మేం ముద్ద ముట్టం."

అక్క తల వంచుకుంది. ఆమె కన్నీళ్ళు విస్తరిలో పడ్డాయి. అందరూ అవ్వ వైపు చూశారు. నా పేరు చెబితే ఆవిడకు సరిపోయేది. చెప్పలేదు. నా వైపు చూసింది.

నేనే అందరి ముందూ వెళ్ళి, "అవ్వా, తిట్టు" అన్నాను.

"చదువుకున్నోళ్ళు గద బిడ్డా?"

"నీ కాళ్ళు మొక్కుత, తిట్టవ్వా!"

అప్పుడు మోగింది డోలక్.

"వియ్యంకునికి రాతిరి డ్యూటీ, ఇంట్ల మనిషే లేడాయె,
వియ్యపురాలి మంచమేమో తెల్లార్లు కిర్రుమనబట్టె!"

వియ్యపురాలు గబుక్కున కూర్చుని, "మంచం పాతదే అవ్వా, గందుకే!" అని అన్నం కలిపింది. రెండు బంతులూ గొల్లుమన్నాయి. వియ్యంకుడు కండువాలో ముఖం దాచుకున్నాడు.

ఆ రోజు మొదటిసారి అవ్వను చివరిదాకా విన్నాను. వాళ్ళ వైపు కొత్తగా భర్త పోయిన ఒక చిన్నమ్మ ఉంది. ఆవిడ దగ్గరికి రాగానే అవ్వ మంచం మాట వదిలేసి, ఆవిడ లడ్డూలు కొంగులో కట్టుకుందని పాడింది. ఆ చిన్నమ్మ కూడా నవ్వింది. ఎవరిని ఎక్కడిదాకా అనవచ్చో అవ్వకు తెలిసినంతగా నేను చదివిన ఏ పుస్తకానికీ తెలియదు. ఆఖరి చరణం నా మీద. అది ఇక్కడ రాయను. (ఇంకా బడిలోనే పనిచేస్తున్నాను.)

అవ్వ పోయి నాలుగేళ్ళు. మొన్న భూపాలపల్లిలో మా మరిది పెళ్ళి. ఫంక్షన్ హాలు, పెద్ద పెద్ద స్పీకర్లు. మేం మగపెళ్ళివారం. ఆడపెళ్ళివారు నీళ్ళసీసాలు ఇచ్చారు, ఎంతో మర్యాదగా నవ్వారు. నేను ప్లేటు ముందు పెట్టుకుని కూర్చున్నాను.

"తినవేందే?" అంది పక్కనున్న అక్క.

"ఎవలన్న ఒక్క మాట అంటరేమోనని చూస్తున్న."

అక్క నన్ను చూసి నవ్వింది. తన ప్లేటు పక్కకు జరిపి, బల్ల మీద చేత్తో రెండు దెబ్బలు వేసి, ఆనాడు అవ్వ నా మీద పాడిన చరణం ఒక్క మాట పోకుండా అందుకుంది. చుట్టూ ఉన్నవాళ్ళంతా తిరిగి చూశారు. సిగ్గుతో చచ్చిపోతూనే అన్నం కలుపుకున్నాను.