మెడ చూసి బండిని గుర్తుపట్టిన మావ

మా టెక్కలి రేడియేటర్ మావ పోయారు. బుధవారం సాయంత్రం ఫోన్ చేసి, "నీ టాంకు దొరికిందల్లుడూ, రేపు పదింటికొచ్చీ" అన్న మనిషి తెల్లారేసరికి లేరు. గుండెపోటట. ఫోన్ చేసిన అత్తతో, "నిన్నే కదా మాట్లాడారు!" అని వాదనకు దిగాను, ఆవిడేదో పొరబడినట్టు. ఇప్పటికీ నాకు బుర్ర పనిచేయడం లేదు.

మావ నాకు చుట్టం కాదు. హైవే పక్క రేకుల షెడ్డులో పాత లారీల రేడియేటర్లు బాగుచేసేవారు, ఊరందరికీ మావే. నందిగాం జీడితోటలో ఏళ్లుగా పడి ఉన్న మా నాన్న లారీని మునుపు ఉన్నదున్నట్టు మళ్లీ నడిపించాలని నా పంతం. అన్నీ కుదిరాయి గానీ, భావనపాడు ఎండుచేపలు మోసీ మోసీ ఉప్పుకి రేడియేటర్ పైటాంకు చిల్లులు పడిపోయింది.

పలాస పాత సామాన్ల కొట్లో ఇత్తడి టాంకొకటి కొన్నాను. దానిమీద మా లారీ కంపెనీ పేరున్న రేకు మెరుస్తోంది. గొప్పగా తెచ్చి మావ ముందు పెడితే ఆయన ఆ పేరు చూడనేలేదు. విప్పిన ప్రతి రకం బండికీ జీడిపప్పు అట్టపెట్టె ముక్క కత్తిరించి, బోల్టులు, గొట్టం తగిలే మెడ ఎక్కడుంటాయో కన్నాలు పొడిచి దాచుకోవడం ఆయన అలవాటు. మా లారీ అట్ట తీసి టాంకుకి ఆనించారు. మెడ రెండు వేళ్లు పక్కకి పోయింది.

"ఏటల్లుడూ, పేరు సూసి కొనీసినావా? ఎవుడో ఆ రేకు పీకి దీనికి టంకం ఎట్టీసినాడు. పేరు ఎక్కడైనా అతుకుతాది, మెడ మారదు" అని నవ్వారు.

నాకు ఉక్రోషం వచ్చింది. "రెండు వేళ్లే కదా, గొట్టం వంచి తగిలిస్తే పోలేదా?" అన్నాను.

"వంచితే నీల్లు పార్తాయి. మీ నాన్న బండి మాత్రం అవదు."

ఆ టాంకు పక్కన పెట్టేశాను. ఆ తర్వాత ఆయన నాకోసం ఎన్ని కొట్లు తిరిగారో నాకు తెలియదు, అడగనూ లేదు. అందుకు సిగ్గుగా ఉంది.

దహనం అయ్యాక అత్త షెడ్డు తీశారు. బల్లమీద మా లారీ రేడియేటర్ ఉంది. మావ ఆ రాత్రే, దొరికిన అసలు టాంకు అతికేసి, మెడలకి చెక్క బిరడాలు కొట్టి, కారుతుందేమో పొద్దున్న చూద్దామని నీళ్లు పోసి వెళ్లారు.

నీళ్లు అంచుదాకా అలాగే ఉన్నాయి. కింద పరిచిన పేపరు మీద ఒక్క చుక్క లేదు.