బల్ల కింద బావ

మా బావ చేసిన ఆఖరి మామూలు పని నా రాతబల్ల కింద దూరడం. జేబులోంచి పెన్ను జారిందన్నాడు. నెలకోసారైనా ఆ పెన్ను మా ఇంట్లో జారాల్సిందే. యాభై ఎనిమిదేళ్ళ మనిషి మోకాళ్ళ మీద పాకుతూ వెళ్ళి, అయిదు నిమిషాలు అక్కడే గడిపి, తలకి బల్ల అంచు తగిలించుకుని, "దొరికిందోయ్!" అంటూ బయటికొచ్చేవాడు. మర్నాడు పొద్దున విమానాలు నిలిపే హాంగర్లో టీ గ్లాసు పట్టుకునే పక్కకి ఒరిగిపోయాడు. అందుకే ఆయన్ని తలుచుకుంటే నాకు ముఖంకన్నా ముందు బల్ల కింద నుంచి కనబడే వీపే గుర్తొస్తుంది.

ఆయనకి ఉన్నది ఒకే ఒక్క జబ్బు. తారీకుల్ని నమ్మడు.

ఆయన ఉద్యోగం విమానాల మరమ్మతు. ఏ భాగాన్ని ఎప్పుడు విప్పాలో, ఎప్పుడు మార్చాలో చెప్పే పట్టీ ఒకటి ఉంటుంది. ఇన్ని గంటలు ఎగిరిందా, ఇన్ని నెలలయ్యాయా, విప్పు, మార్చు. ఆ పట్టీ అంటే బావకి ఒళ్ళుమంట. "రెండు విమానాలు ఒకేరోజు పుట్టాయని ఒకేరోజు ముసలివవుతాయా? ఒకటి దుమ్ములో దిగుతుంది, ఒకటి వానలో దిగుతుంది. తారీకుకేం తెలుసు? యంత్రాన్నే అడగాలి." అడగడానికి సెన్సర్లున్నాయి. ఇంజను ఎంత వణికింది, నూనె ఎంత వేడెక్కింది, ప్రతి ప్రయాణం తర్వాతా ఆ అంకెలు ఆయన తెరమీదికి వచ్చేవి. వాటిని చూసి, దర్జీ ఒంటికి కొలతలు తీసినట్టు, ఒక్కో విమానానికి ఒక్కో పట్టీ రాసేవాడు.

ఒకసారి పెద్దాఫీసరు కాగితాలు పట్టుకుని వచ్చాడట.

"ఈ పంపుకి ఇంకా నాలుగు నెలల ఆయుష్షుందయ్యా. ఇప్పుడే విప్పమంటావేం?"

"వణుకుతోందండీ."

"ఎంత?"

"నిన్నటికన్నా కొంచెం ఎక్కువ."

"నాకూ నిన్నటికన్నా కొంచెం ఎక్కువే. నన్నూ విప్పుతావా?"

"మీకు సెన్సరు లేదు కదండీ."

విప్పారు. లోపల బేరింగు పొలుసులు రాలుస్తోంది. ఆ సాయంత్రం ఆఫీసరే కాఫీ తెచ్చి ఆయన చేతికిచ్చాడు.

ఇంట్లోనూ ఇదే వరస. "ఏమండీ, నిన్న మన పెళ్ళిరోజు" అని అక్క మూతి ముడిస్తే, "తారీకుకేం తెలుసు? నీకు చిరాకు పెరుగుతోందని మంగళవారమే కనిపెట్టాను. మంగళవారమే పూలు తెచ్చానా లేదా?" అనేవాడు.

"తెచ్చారు. ఎందుకు తెచ్చారో చెప్పలేదు."

"ఇంజనుకి మాత్రం చెప్పి నూనె పోస్తామా?"

పళ్ళ డాక్టరు దగ్గర్నుంచి ఆర్నెల్లయింది రమ్మని ఫోనొస్తే, పన్నునడిగి చెప్తానని పెట్టేసేవాడు. మాట్లాడుతున్నంతసేపూ ఒకచోట నిలిచేవాడు కాదు. ఫ్రిజ్ మీద అరచెయ్యి, మిక్సీకి చెవి, ఫ్యాను మీద కన్ను. బలవంతాన కూర్చోబెడితే మోకాలు ఊగేది. "ముందు మీ వణుకు కొలిపించుకోండి" అనేది అక్క.

ఈ పిచ్చికి ఒక్కసారే గట్టి దెబ్బ తగిలింది. ప్రయోగంగా ఒక ఇంజనుకి బ్యాటరీతో నడిచే చిన్న సెన్సరు బిగించాడు. వారం రోజులు తెరమీద గీత తాడు లాగినట్టు తిన్నగా వచ్చింది. "బంగారంలాంటి ఇంజను! పసిపాప నిద్ర!" అని హాంగరంతా తిరిగి చెప్పాడు. ఎగిరే ఇంజను కాస్తయినా వణకాలి కదా అన్న ఆలోచన ఆ ఆనందంలో రాలేదు. ఇంజను బాగానే ఉంది. చచ్చింది బ్యాటరీ. నెల్లాళ్ళపాటు మెకానిక్కులు ఆయన కనబడగానే జోలపాట అందుకున్నారు. నాతో మాత్రం నవ్వకుండా అన్నాడు: "అరిచేదానితో బాధ లేదోయ్. చప్పుడు లేనిదే తేలదు. అది బాగుందో, మనకే వినపడట్లేదో."

ఇక నా సంగతి. మా ఆవిడ పోయాక నేను ఉద్యోగం మానేసి నవల మొదలుపెట్టాను. అది పూర్తయితేనే మళ్ళీ మనిషినవుతానని నా నమ్మకం. అక్కావాళ్ళింటికి రెండు వీధుల అవతల ఒక్కణ్ణే ఉండేవాణ్ణి. కీబోర్డు మీద నా వేళ్ళు సుత్తుల్లా పడతాయి. రాత సాగిన రోజు బల్లమీద గ్లాసులో నీళ్ళు కూడా తుళ్ళేవి. సాగని రోజులే ఎక్కువ. అప్పుడు మంచం దిగేవాణ్ణి కాదు. సరిగ్గా అలాంటి రోజే బావ దిగేవాడు, చేతిలో స్క్రూడ్రైవరుతో.

"ఏమోయ్ రచయితా, మీ తలుపు కీచుమంటోంది."

"రెండు వీధుల అవతలికి వినిపించిందా?"

"కుళాయి కూడా చూస్తానుండు. అన్నట్టు, మీ హీరో అయిదో అధ్యాయంలో రైలెక్కాడు కదా, ఎక్కడ దిగాడు?"

"ఇంకా దిగలేదు."

"మూడు నెల్లనుంచీ రైల్లోనే ఉన్నాడా! స్నానం?"

ఆయన వెళ్ళాక ఆ మంటలోనే కూర్చుని నాలుగు పేజీలు కొట్టేవాణ్ణి. కోపంతో రాశాననుకునేవాణ్ణి తప్ప, రాశానని గమనించలేదు.

ఆ ఆఖరిసారి మాత్రం చిత్రంగా రాత పరుగెడుతోంది. అయినా వచ్చాడు. ఒళ్ళు మండిపోయింది.

"బావా, నీవల్లే నా పుస్తకం ఆగిపోతోంది! రావాలంటే వారానికో రోజు పెట్టుకో. ఆదివారం నాలుగింటికి. మిగతా రోజులు రావద్దు."

నొచ్చుకుంటాడనుకున్నాను. కిటికీ గొళ్ళెం బిగిస్తూ, "ఆదివారానికేం తెలుసోయ్?" అన్నాడు. అని, పెన్ను జార్చుకుని బల్ల కిందికి వెళ్ళాడు.

ఆయన పోయిన రెండు వారాలకి అక్క ఫోన్ చేసింది.

"ఒరేయ్, మీ బావ ఫోను ఇవాళే చార్జింగు పెట్టి తెరిచాను. ఒకటే మోత. 'బల్ల ఆగింది, బల్ల ఆగింది' అని పన్నెండుసార్లు వచ్చింది. ఏ బల్లరా?"

"విమానాల్లో ఏదో అయ్యుంటుందిలే."

"విమానంలో బల్లేమిట్రా! పైన నీ పేరుంటేనూ!"

ఆయన పోయినప్పట్నుంచీ నేను ఒక్క అక్షరం కొట్టలేదు. ఫోను పక్కన పెట్టి, మోకాళ్ళ మీద పాకుతూ బల్ల కిందికి వెళ్ళాను. చెక్కకి అంటించి అగ్గిపెట్టెంత పెట్టె ఉంది. రెండ్రోజులు బల్ల వణక్కపోతే ఆయన ఫోను మోగేది. మోగితే స్క్రూడ్రైవరు జేబులో పెట్టుకునేవాడు. మా తలుపు ఎప్పుడూ కీచుమనలేదు.

పెట్టె పక్కనే అంటించిన కాగితం మీద ఆయన చీమతలకాయ రాత. "బ్యాటరీ మార్చాను." దాని కింద వరసగా తారీకులు. ఒక్క నెల తప్పకుండా ప్రతి ఒకటో తారీకు. ఆఖరిది నేను ఆయన్ని రావద్దన్న రోజు.

లేవబోతే తలకి బల్ల అంచు తగిలింది.

"ఏ బల్లో తెలిసిందా?" ఫోన్లో అక్క.

"తెలిసిందక్కా."

"అయితే ముందు దీని మోత ఆపు, చెవులు చిల్లులు పడుతున్నాయి!"

కూర్చుని, సుత్తి దెబ్బలు కొడుతూ, మా హీరోని తర్వాతి స్టేషన్లోనే రైలు దింపేశాను. పదినిమిషాలకి మోత ఆగిందని అక్క చెప్పింది.

మర్నాడు వెలుగులో పెట్టె మూత తీసి చూశాను. లోపలివైపు చిన్న అక్షరాల్లో ఉంది: ఒకసారి వేసిన బ్యాటరీ రెండేళ్ళు పనిచేస్తుంది.